కుక్క తిండి కవరు మీద రాసిన మాట

సమస్త ప్రాణులకూ వేళ తప్పకుండా ఆహారం పెట్టే దేవునికి స్తోత్రం. గూటిలో నోరు తెరిచిన కాకిపిల్ల ఎవరికోసం చూస్తుందో ఎరిగినవాడు, గుహలో పడుకున్న సింహపు పిల్ల ఆకలి ఎరిగినవాడు, మన గుమ్మం ముందు తోక ఊపుతూ నిలబడిన కుక్క ఆకలినీ ఎరుగును. తన సృష్టిలో నోరున్న ప్రతిదానికీ ఒక పూట భోజనం నిర్ణయించి, అందులో రవ్వంత పనిని నా చేతికి అప్పగించినందుకు, భయపడాల్సిన చోట భయాన్నీ నిలబడాల్సిన చోట ధైర్యాన్నీ ఇచ్చినందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక.

నేను పశువైద్యం చదివాను. ఉద్యోగ జీవితమంతా శంషాబాద్ చుట్టుపక్కలే గడిచింది. మొదట విమానాశ్రయం కార్గోలో, విదేశాల నుంచి వచ్చే పెంపుడు జంతువుల ఆహారాన్ని విడిపించే ఒక ఏజెన్సీలో పనిచేశాను. ఆ తర్వాత, చాలా ఎక్కువ కాలం, తుక్కుగూడ దాటాక ఉన్న ఒక కుక్కల ఆహారం ఫ్యాక్టరీలో నాణ్యత అధికారిగా ఉన్నాను. ఇప్పుడు ఈ పనిలోకి అడుగుపెట్టే పిల్లలు ఫోన్ చేసి, "మేడం, ఏమేం లైసెన్సులు కావాలి?" అని అడుగుతుంటారు. ఆ సంగతి ఎవరైనా చెబుతారు. లైసెన్సులన్నీ గోడకు తగిలించాక అసలు పని ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ఎవరి తలుపు తట్టాలి

మనుషులు తినే తిండికి ఒక పెద్ద చట్టం, దానికొక పెద్ద శాఖ ఉన్నాయి. కుక్క తిండి కూడా దాని కిందికే వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. రాదు. మన సరుకు మీద తలా ఒక చెయ్యి వేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. మురుగు ఎటు పోతోంది, కంపు ఎంత దూరం కొడుతోంది అని కాలుష్య నియంత్రణ వాళ్లు అడుగుతారు. వ్యాపార అనుమతి మున్సిపాలిటీది. కవరు మీద తయారుచేసినవాడి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉన్నాయా లేదా అన్నది తూనికలు కొలతల వాళ్లు చూస్తారు. విదేశం నుంచి తెప్పిస్తే పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలి. అది సరుకు బయలుదేరకముందే చేతిలో ఉండాలి. అది ఏ జంతువు మాంసమో, ఆ దేశంలో ఏ రోగాలు లేవో అక్కడి ప్రభుత్వ వైద్యుడు రాసి ఇవ్వాలి.

ఈ చివరి సంగతి కార్గోలో ఉండగా రోజూ చూసేదాన్ని. ధ్రువపత్రంలో జంతువు పేరు లేదని సరుకు ఆగిపోతే, ఒక వ్యాపారి నా బల్ల మీద చెయ్యి కొట్టి, "మేడం, గది కుక్క బిస్కెట్, బాంబు గాదు" అన్నాడు. "బాంబైతే ఒక్కచోటనే పేలుతది అన్నా, రోగం ఊరూరు తిరుగుతది" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ కూర్చున్నాడు. పత్రం సరిచేసి తెప్పించుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఇక తిండిలో మాంసకృత్తులు ఎంత ఉండాలి, కొవ్వు ఎంత, తేమ ఎంత, ఏ క్రిములు ఉండకూడదు అన్నదానికి జాతీయ ప్రమాణం ఉంది. కానీ నేను పనిచేసిన కాలంలో దాన్ని పాటించడం తయారీదారు ఇష్టానికే వదిలేశారు. ఈ మాట వినగానే చాలామంది యజమానులు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. నాకు మాత్రం అక్కడే భయం పుట్టేది. అధికారి చూడని చోట దేవుడు చూస్తాడని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. నా ఉద్యోగంలో ముప్పాతిక భాగం అధికారి చూడని చోటే ఉంది.

మా చర్చి సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ, "గింత సదువు సదివి కుక్కల కూడు వండవడితివా బిడ్డా" అని నలుగురిలో అనేది. బైబిలు వాక్యంలో కుక్క పేరు ఎక్కువగా తిట్టుగానే వస్తుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కానీ యేసు చెప్పిన కథలో, ధనవంతుడి వాకిట్లో ఒళ్లంతా కురుపులతో పడి ఉన్న పేదవాడి దగ్గరికి మనిషన్నవాడు ఎవడూ రాకపోతే, వచ్చింది కుక్కలే కదా. "వాటికి బాకీ ఉన్నం పెద్దమ్మా" అనేదాన్ని. ఆమె నా భుజం మీద ఒకటి చరిచి పోయేది.

మా యజమాని

యజమాని పేరు నర్సింహ. శంషాబాద్‌లో వాళ్ల నాన్నది చికెన్ దుకాణం. కోడిమెడలు, కందనకాయలు, కాళ్లు కొనేవాళ్లు లేక పోతుంటే, వాటితో ఏదైనా చేయాలని ఆలోచించి ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. మొదట గుళికల్లాంటి పొడి తిండి మిషన్‌తో చేసేవాళ్లం. అది బాగా నడిచాక గ్రేవీతో ఉండే తడి తిండి మొదలుపెట్టాడు. కోడిమాంసం, బియ్యం, గుమ్మడికాయ, క్యారెట్ ఉడికించి, చిన్న కవర్లలో నింపి, సీలు వేసి, ఆ కవర్లను మళ్లీ ఆవిరిలో పెట్టి క్రిములు చంపడం దాని పద్ధతి.

నర్సింహ మంచివాడా చెడ్డవాడా అని అడిగితే, తొందర మనిషి అంటాను. ఈ వ్యాపారంలో మోసం కన్నా తొందర ఎక్కువ చెడు చేస్తుంది. కవరు మీద ఏం రాయాలన్న దగ్గర మాకు రోజూ గొడవే.

"డాక్టర్లు చెప్పిన తిండి అని ఎయ్యిద్దాం డాక్టరమ్మా."

"ఏ డాక్టర్లు అన్నా?"

"నువ్వు లేవా?"

"నేను మీ దగ్గర జీతం తీసుకునేదాన్ని. నా మాట సాక్ష్యం కాదు."

"నీతోని సంసారం కష్టం" అని చేతులెత్తి పోయేవాడు. కానీ ఆ మాట కవరు మీదికి ఎక్కలేదు. చివరికి కవరు మీద దినుసులన్నీ వరుసగా రాసి, కింద 'వేరే ఏమీ కలపలేదు' అని వేశాం. ఆ మూడు మాటలు రాయమని ఏ శాఖా అడగలేదు. మేమే రాశాం. నర్సింహకు అది గొప్పగా అనిపించింది, నాకు నిజమనిపించింది.

తడి తిండి వంటకు లక్ష్మమ్మ వచ్చింది. శంషాబాద్ పక్క ఊరిలో వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. పెళ్లిళ్లకు పెద్ద గిన్నెలతో వండిన చెయ్యి. ఆమె వచ్చాక తడి తిండి అమ్మకం ఒక్కసారిగా పెరిగింది. దుకాణాల వాళ్లు ఫోన్ చేసి, "కవరు ఇప్పంగనే కుక్కలు ఎగురుతున్నయి" అని చెప్పేవాళ్లు. కవరు విప్పిన యజమానులు కూడా వాసన చూసి మెచ్చుకునేవాళ్లు. నగరంలో చాలా దుకాణాలున్న ఒక గొలుసు వ్యాపారం వాళ్లు మా సరుకు పెట్టుకుంటామని మాట్లాడుతున్నారు. నర్సింహ ఆశలన్నీ దాని మీదే ఉన్నాయి.

రాణి వచ్చిన రోజు

యాదయ్య విమానాశ్రయం దగ్గర సరుకుల గోదాములకు కాపలా ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థలో కుక్కను నడిపించే మనిషి. ఆయన కుక్క రాణి, గోధుమరంగు లాబ్రడార్. పెట్టెల మధ్య వాసన చూసి పేలుడు సామాను పట్టడం దాని పని. ఒక మధ్యాహ్నం ఆయన దాన్ని ఆటోలో వేసుకుని నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. కవరు మీద చిరునామా చూసి వచ్చానన్నాడు.

"అమ్మా, నడుస్తలేదు. రెండడుగులేసి కూసుంటది. ఉచ్చ చాయ్ డికాషన్ లెక్క వస్తున్నది."

పెదవి ఎత్తి చిగుళ్లు చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఎర్రకణాల అంచుల్లో చిన్న చిన్న బుడిపెలు. ఒంట్లోకి పోయినదేదో రక్తాన్ని లోపల్నుంచి విరగ్గొడుతోంది.

"ఏం పెడుతున్నవు యాదయ్యా?"

"మీదే అమ్మా. ఇంకోటి ముడుతలేదు. పొద్దుగాల, సాయంత్రం, మీ గ్రేవీనే."

ఆ మాట ఒక కంప్లయింట్‌లా అనలేదు. మా తిండి అంత ఇష్టమని మెచ్చుకుంటూ అన్నాడు.

రాణిని నాకు తెలిసిన పశువుల దవాఖానలో చేర్పించి, అక్కడి డాక్టరుతో మాట్లాడి వచ్చాను. ఆయన కూడా అదే అడిగాడు. ఉల్లిగానీ వెల్లుల్లిగానీ తిన్నదా అని. ఆ రెండూ మనకు మందు, కుక్క రక్తానికి విషం. ఒకరోజు మిగిలిన కూర నాకితే ఏమీ కాదు. రోజూ అదే భోజనమైతే కొంచెం కొంచెంగా రక్తం విరుగుతుంది.

మా ఫ్యాక్టరీలో ఆ రెండూ దినుసుల్లో లేవు. కవరు మీద రాశాం కదా.

ఎవరికీ తగలని వాసన

వచ్చీ రాగానే ల్యాబు ఫలితాలు తీశాను. మాంసకృత్తులు సరిపోయాయి, కొవ్వు సరిపోయింది, క్రిములు లేవు. ల్యాబు అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. వెల్లుల్లి ఉందా అని ప్రపంచంలో ఎవరడుగుతారు?

కొన్ని కవర్లు తెచ్చి బల్ల మీద కోశాను. వాసన చూశాను. కోడికూర వాసన. నర్సింహ చూశాడు, "మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. ప్యాకింగ్ వాళ్లు చూశారు. అందరికీ మంచిగానే ఉంది.

అప్పుడు ఆచార్యులు గారు ఏదో సంతకం కోసం లోపలికి వచ్చారు. ఆయన మా అకౌంటెంట్, పుట్టు వైష్ణవులు. గుమ్మంలోనే ఆగి చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటండీ, ఆఫీసులోకి కూడా తెచ్చారా ఈ వెల్లుల్లి కంపు?"

"వెల్లుల్లా?" అన్నాను.

"రోజూ వంట మొదలవగానే కిటికీ మూసుకుంటున్నాను మేడం. మీకెవరికీ తగలదా?"

తగలదు. అదే సంగతి. మా ఇళ్లలో మాంసం అంటేనే ఆ వాసన. అల్లం, వెల్లుల్లి, ఉల్లి లేని మాంసం వాసన మాలో ఒక్కరికీ తెలియదు. మంచి మాంసం ఎలా ఉండాలో మా ముక్కులకు పుట్టినప్పటి నుంచీ నేర్పి పెట్టారు. అందుకే ఏదైనా తప్పుగా ఉందని అనిపించలేదు, అన్నీ సరిగ్గా ఉన్నాయనే అనిపించింది. ఎన్నడూ మాంసం గానీ వెల్లుల్లి గానీ ముట్టని మనిషికే అది వేరుగా తగిలింది. పిల్లలూ, మీ వంటశాలలో మీ అలవాటు లేని ముక్కు ఒకటి తప్పకుండా ఉంచుకోండి. ఇది ఏ నియమాల్లోనూ రాయలేదు.

లక్ష్మమ్మ వంటశాలలో పెద్ద గరిటెతో గిన్నె కలుపుతోంది.

"అక్కా, ఇండ్ల అల్లం ఎల్లిగడ్డ ఏస్తున్నవా?"

ఆమె దాచలేదు. దాచాల్సింది ఉందని ఆమెకు తెలియదు.

"ఏస్తలేనా మరి? ఉల్లిగడ్డ గూడ జర గోలిస్త. కోడికాళ్లు గంత కౌసు వాసన కొడుతుంటే ఉత్తగ ఎట్ల ఉడకపెడతరమ్మా? క్యాంటీన్ల నూరిందే ఇంత తెచ్చి ఏస్తున్న."

"రాసిచ్చిన దినుసుల్ల లేదు గదా అక్కా."

"రాసినోళ్లు వంటోళ్లు గాదు గదా. పెండ్లిల వండిన చెయ్యి. సప్పగ వండి పంపితే నా పేరు పోదా? కుక్కయితేంది, నోరు లేదా దానికి?"

"దాని రక్తం విరుగుతది అక్కా. ఒక కుక్క దవాఖానల పడి ఉన్నది."

గరిటె ఆగింది. "మా ఇంటి కుక్కకు మేం తిన్నదే పెడుతం. అది సచ్చిందా?"

"మీ కుక్క నీళ్ల అన్నంల జర కూర తింటది. ఊరంతా తిరిగి ఇంకోటి తింటది. ఇది రెండు పూటలా ఇదే తింటది."

ఆమె పొయ్యి ఆర్పేసింది. తర్వాత, "ఎన్నడు మొదలువెట్టిన్నో యాదికి లేదమ్మా. బోనాల ముంగటనే అనుకుంట" అంది. అంటే ఏ కవరు మంచిదో ఏది కాదో విడదీయడానికి లేదు. అప్పటి నుంచి బయటికి పోయిన తడి తిండి అంతా అనుమానమే.

"చట్టంల ఏడుంది?"

నర్సింహ గదిలో తలుపు వేసి విషయం చెప్పాను. సరుకంతా దుకాణాల నుంచి వెనక్కి తేవాలి, కొన్నవాళ్లకు తెలియజేయాలి అన్నాను.

ఆయన ముందు లక్ష్మమ్మ మీద పడ్డాడు. "ఇయ్యాలే పంపిచేస్త."

"ఆమెకు ఏం ఎయ్యాల్నో చెప్పినం. ఏం ఎయ్యొద్దో, ఎందుకు ఎయ్యొద్దో ఎవ్వరు చెప్పిన్రు అన్నా? పంపితే రేపు ఇంకొకామె వస్తది. ఆమె గూడ గిదే చేస్తది."

"సరే, ఇగ నుంచి ఎయ్యదు. అయిపాయె. పోయిన సరుకు పోయింది. గొలుసు దుకాణపోళ్లు రేపోమాపో సంతకం పెట్టేటట్టున్నరు. ఇప్పుడు డప్పు కొట్టుకుంటే మన మొకం చూస్తరా?" కొంచెం ఆగి అడిగాడు. "అయినా ఎల్లిగడ్డ ఎయ్యొద్దని చట్టంల ఏడుంది? చూపెట్టు."

"చట్టంల లేదు. కవరు మీద ఉన్నది. వేరే ఏమీ కలపలేదని మనమే రాసినం. రాసినంక అది అబద్ధమైతే వినియోగదారుల చట్టం వదలదు."

"ఎవడు పోతడు కోర్టుకు? కుక్క పోతదా?"

నేను ఆ రోజంతా మోస్తున్న మాట ఆయన నోట్లోంచే వచ్చింది. ఈ వ్యాపారంలో కొనేవాడు తినడు, తినేవాడు మాట్లాడడు. మనిషి తిండిలో తేడా ఉంటే నాలుక చెబుతుంది, కడుపు చెబుతుంది, నోరు తిడుతుంది. ఇక్కడ తినేదానికి నోరుండీ మాట లేదు. అది తోక ఊపుతూ తిని, కవరు మీది మాటను తన యజమాని నమ్మినంతగా తన యజమానిని నమ్ముతుంది. నోరులేని వాళ్ల పక్షాన నోరు తెరవమని వాక్యం నాకు నేర్పింది. అది ఆదివారానికే పరిమితమైన మాటగా నేను ఎన్నడూ వినలేదు.

"అన్నా, ఒకటి అడుగుత. మీ చికెన్ దుకాణంల, కోయకముందే జాలీల సచ్చిన కోడిని ఏం చేసేటోళ్లు?"

"పారేసేటోళ్లం. గుంత తీసి పెట్టేటోళ్లం. గదేం సవాల్?"

"ఈకలు పీకి ముక్కలు కొడితే గిరాకీకి తెలుస్తదా?"

"తెల్వది."

"మరెందుకు పారేసేటోళ్లు? ఎవరన్న ఆఫీసర్ వచ్చి చూసేటోడా?"

బయట విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. అది పోయేదాకా నర్సింహ కిటికీ వైపే చూశాడు.

"మా బాపు సచ్చిన కోడి మీద కత్తి పెట్టనియ్యలే" అన్నాడు చివరికి. "కోసెటోడు పహాడీ షరీఫ్ కెల్లి వచ్చే భాయ్. సచ్చింది హరామని ఆయన గూడ ముట్టకపోయేటోడు. జాలీ మొత్తం సచ్చిన దినం బాపు దుకాణం మూసిండు గని అమ్మలే."

"నేను ఆటో మాట్లాడుకుంట. దుకాణాలు తిరిగి తెస్త."

"ఆటోల ఏం పడతయి? వ్యాన్ తీస్కపో." తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, గొలుసు దుకాణాల వాళ్ల నంబరు కలిపాడు. నా ముందే చెప్పాడు. తప్పు జరిగిందని, సరుకు వెనక్కి తెస్తున్నామని. అవతలి మాట వినిపించలేదు గానీ ఆయన ముఖం చూస్తే అర్థమైంది. ఫోన్ పెట్టేసి, "పో డాక్టరమ్మా, నిలబడకు" అన్నాడు.

వ్యాన్‌లో

లక్ష్మమ్మ తనే వచ్చి వ్యాన్ ఎక్కింది. నేను రమ్మనలేదు. శంషాబాద్ దుకాణాలు, తుక్కుగూడ, జల్‌పల్లి, తర్వాత నగరంలోకి. ప్రతి దుకాణంలో ఆమె నాకంటే ముందు దిగేది.

"గిది వండింది నేనే బిడ్డా. ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ ఏసిన. కుక్కలకు పడదంట. ఉన్నయన్ని తీసియ్యి."

జల్‌పల్లి దుకాణం అతను నవ్వాడు. "గింత మంచిగ వండినందుకు వాపస్ తీస్కపోతున్నరా అక్కా? కుక్కలన్ని నీ కూర కోసమే నా మీద పడుతున్నయి."

"నవ్వకు. తియ్యి."

ఇంకొక దుకాణం ఆయన నవ్వలేదు. "ఇగ మీ సరుకు నా దుకాణంల పెట్టేది లేదు. నా దగ్గర కొన్నోళ్లకు నేనేం మొకం చూపెట్టాలె?" అన్నాడు. ఆయన కోపం న్యాయమే. అన్ని దుకాణాల్లో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో కాగితాలు అంటించాం. కవరులో వెల్లుల్లి, ఉల్లి ఉన్నాయని, పెట్టవద్దని, కుక్క నీరసంగా ఉన్నా మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే దవాఖానకు తీసుకెళ్లమని రాశాం. పొరపాటు అని మాత్రమే రాయడానికి నర్సింహ ప్రయత్నించాడు. ఏ పొరపాటో రాయకపోతే ఎవరికీ ఉపయోగం లేదని నేను ఒప్పుకోలేదు.

కవరు మీద వేయాలని చట్టం చెప్పిన ఫోన్ నంబరు ఎందుకో నాకు ఆ వారమే పూర్తిగా అర్థమైంది. అది మోగుతూనే ఉంది. తిట్టినవాళ్లున్నారు. ఏడ్చినవాళ్లున్నారు. నర్సింహే ఎత్తి మాట్లాడాడు. పక్కనే కూర్చుని లక్షణాలు అడిగి ఎక్కడికి తీసుకెళ్లాలో నేను చెప్పాను. దవాఖానకు వెళ్లిన ప్రతి కుక్క ఖర్చూ ఫ్యాక్టరీదేనని ఆయన అడగకుండానే చెప్పేవాడు.

ఆ తర్వాత

రాణికి ఇంకొక కుక్క రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మెల్లగా చిగుళ్లకు రంగు వచ్చింది. కొన్ని వారాలకు పనిలోకి పోయింది. యాదయ్య మళ్లీ మా తిండి కొనలేదు. "నేనే వండుత అమ్మా. ఉప్పు గూడ ఎయ్య" అన్నాడు. సరైన మాటే అన్నాడు. నమ్మకం మనం అడిగితే తిరిగి వచ్చేది కాదు.

గొలుసు దుకాణాల వాళ్లు రాలేదు. తడి తిండి చాలా కాలం ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు క్యాంటీన్‌కూ కుక్కల వంటశాలకూ మధ్య గోడ కట్టాం. వెల్లుల్లి పరీక్ష కూడా చేయమని ల్యాబుకు రాసిచ్చాం. వాళ్లు రెండుసార్లు ఫోన్ చేసి నిజమేనా అని అడిగారు. ఆచార్యులు గారిని ప్రతి వంటకూ వాసన చూడమని బతిమాలాను. "ఇదేం కర్మండీ" అంటూనే ముక్కు మీది రుమాలు తీసి వచ్చేవారు. లక్ష్మమ్మ ఆ గోడకు కాపలా అయింది. పనివాళ్ల టిఫిన్ డబ్బాలు తలుపు దగ్గరే ఆపేది. "మామిడికాయ తొక్కు గూడ అటే పెట్టు, ఇటు తేకు" అని గదమాయించేది. ఎందుకో చెబితే మనిషి ఎంత గట్టిగా నిలబడుతుందో ఆమెను చూసి తెలుసుకోండి. కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు 'ఎందుకు' అన్నది చివరికి మిగల్చకండి.

ఈ పనిలోకి వచ్చే మీకు ఒక్కమాట గట్టిగా చెబుతాను. చట్టం ఇంకా గట్టిపడుతుంది. ఇష్టానికి వదిలేసిన ప్రమాణాలు రేపు తప్పనిసరి కావచ్చు. కావాలని నా కోరిక కూడా. కానీ ఎంత గట్టిపడినా, అది చూడలేని మూల ఒకటి ఉంటుంది. ఆ మూలలో మీరొక్కరే ఉంటారు. కవరు మీద మీరు రాసిన ప్రతి మాటా, మాట్లాడలేని ఒక ప్రాణికి మీరు ఇచ్చిన ప్రమాణం. నిలబెట్టలేనిది రాయకండి. రాసింది అబద్ధమైతే అధికారి వచ్చేదాకా ఆగకండి. మీరే వ్యాన్ తీయండి. యజమాని ఒప్పుకోకపోతే ఆయన ఎన్నడూ తప్పని మాట ఏదో ఒకటి ఉంటుంది, అది గుర్తుచేయండి. అప్పటికీ ఒప్పుకోకపోతే సరుకు బయటికి పంపే సంతకం పెట్టకండి. ఉద్యోగం దేవుడే ఇచ్చాడు. ఆయనే ఇంకోటి ఇస్తాడు.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. మేము తెచ్చినవి తెచ్చాం. కానీ కొన్ని కవర్లు తిరిగి రాలేదు. కాగితం చూడనివాళ్లు, దూరం నుంచి వచ్చి కొని పోయినవాళ్లు, ఫోన్ చేయనివాళ్లు ఉన్నారు. ఎవరి వంటింట్లోనో ఒక చెయ్యి ప్రేమతో ఆ కవరు విప్పి ఉంటుంది. ఒక కుక్క తోక ఊపుతూ తిని ఉంటుంది. ఆ ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఇక లేదు.

చదువుతున్న మీరు ఏ దేవుని పేరుతో తల వంచేవారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి వంచండి. తండ్రీ, మేము చేరుకోలేని ఆ ఇళ్లకు నీవు చేరుకో. మా చేతుల నుంచి వెళ్లిన హానిని నీ చేతితో ఆపు. మాట లేని ప్రాణుల ముందు గిన్నె పెట్టే ప్రతి చేతినీ నిజంలో నిలుపు. రేపు ఈ పనికి వచ్చే పిల్లలకు, ఎవరూ చూడని మూలలో నీవు చూస్తున్నావన్న ధైర్యం ఇవ్వు. ఆమెన్.